డిస్కో తాళంలో మోకాలి నూనె

పరువు చాలామందికి పోతుంది. నాది మాత్రం స్టీరియోలో పోయింది. అదీ ఫిల్మ్ నగర్‌లో, ఇరవైమంది డాన్సర్ల ముందు, నిలువెత్తు స్పీకర్లలోంచి!

తొంభైల మొదట్లో మాట. మేం వెంగళరావు నగర్‌లో ఉండేవాళ్ళం. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేదాన్ని కాబట్టి, నన్ను మించిన కళాకారిణి జూబ్లీహిల్స్ దాకా లేదని నా గట్టి నమ్మకం. మా చర్చికొచ్చే ఒకమ్మాయి సినిమా డాన్సుల్లో ఉండేది. ఆమే నన్నూ, తోడొచ్చిన మా అమ్మనూ డాన్సు మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళింది.

"పాట ఇంకా రికార్డు కాలేదమ్మా. ఈలోగా పిల్లలు స్టెప్పులు నేర్చుకోవాలి. అరగంట డిస్కో తాళం క్యాసెట్టులో వాయించి తేగలవా? బాగుంటే రిహార్సల్ క్యాసెట్లన్నీ ఇక నీవే," అన్నారాయన.

"అదెంత పని మాస్టారూ!"

నిజంగానే అదెంతో పని కాదు. నా కీబోర్డులో ఒక బటన్ నొక్కి, ఎడమచేత్తో రెండు మెట్లు పట్టుకుంటే చాలు. డ్రమ్ములూ గిటారూ అన్నీ అదే వాయించుకుంటుంది. ఇంకో బటన్ నొక్కితే, చెయ్యి తీసేసినా ఆగదు. మర్నాడు పొద్దున్నే దాని ఎదురుగా టేప్‌రికార్డర్ పెట్టి రికార్డు నొక్కాను. రెండు నిమిషాలు చూశాను. పెట్టె బుద్ధిగా వాయిస్తోంది. ఇంక నేనెందుకు దండగ అని స్నానానికి వెళ్ళాను. తలంటు కూడా పోసుకున్నాను.

తిరిగొచ్చి మొదటి నిమిషం విన్నాను. అద్భుతం! మిగతాది వినలేదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదూ?

రిహార్సల్ హాల్లో మాస్టారి పక్కన నిర్మాతగారు కూడా ఉన్నారు.

"అరగంటా ఆపకుండా వాయించావా?" అన్నారు మాస్టారు.

"అవునండీ. వేళ్ళు వాచిపోయాయి," అని చెయ్యి విదిలించి మరీ చూపించాను. నిర్మాతగారు "పాపం" అన్నారు. వాయించింది లేదు, వేలు కదిపింది లేదు, ఆర్టిస్టు పేరు స్టెల్లా!

క్యాసెట్టు మొదలైంది. డాన్సర్లు గాల్లో తేలుతున్నారు. నేనూ తేలుతున్నాను. పదో నిమిషంలో, డిస్కో మధ్యలోంచి మా పక్కింటి యాదమ్మ గొంతు వినిపించింది.

"ఏందమ్మా, గదిల ఎవరు లేరు, బాజా గట్లనే మోగుతుంది?"

"మా స్టెల్లా సినిమావాళ్ళకి క్యాసెట్టు చేస్తోందిలే. పెట్టె దానంతటదే వాయించుకుంటోంది. ఇది స్నానానికెళ్ళింది." ఆ రెండో గొంతు మా అమ్మది!

ఒక డాన్సరు ఇంకో డాన్సరు కాలు తొక్కాడు. నేను టేప్‌రికార్డర్ మీదికి ఉరికాను. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి, "ఉండనీ," అన్నారు.

అమ్మ ఆగలేదు. "నిన్న ఆ మాస్టార్ని చూశానమ్మా. మోకాళ్ళ నొప్పులు కాబోలు పాపం, మెట్టుకో దేవుణ్ణి తలుచుకుంటూ దిగుతున్నారు."

నిర్మాతగారు మాస్టారి మోకాళ్ళ వైపు చూశారు. మాస్టారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూస్తూ, అది ఎప్పుడు చీలుతుందా అని ఎదురుచూశాను.

"గంత ఫికరెందుకు?" అంది యాదమ్మ. "నువ్వుల నూనెల ఎల్లిపాయ, వాము ఏసి కాయాలె. జర గోరువెచ్చగ రాయాలె. మా ఆయన లేచి ఉరుకుతలేడా! అసలు మందు ఇంకోటుంది, అండ్ల..."

సరిగ్గా అప్పుడు మా వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. ఆ తర్వాత ఉత్త డిస్కో.

మాస్టారు మెల్లిగా నా దగ్గరికొచ్చారు. నా కథ ముగిసిందనుకున్నాను.

"వెనక్కి తిప్పమ్మా," అన్నారు. "నూనెలో ఇంకేదో వెయ్యాలంటోంది."

నాలుగుసార్లు తిప్పాను. నాలుగుసార్లూ కుక్కరే గెలిచింది.

సాయంత్రం మా ఇంటి ముందు కారు ఆగింది. మాస్టారూ, వెనకాలే కుంటుతూ నిర్మాతగారూ దిగారు. నా ఉద్యోగం ఖాయం చేయడానికే అనుకుని నవ్వుతూ ఎదురెళ్ళాను.

"యాదమ్మగారిల్లు ఎక్కడమ్మా?" అన్నారిద్దరూ.

ఆ మందు మెంతులట. వారం తర్వాత మాస్టారు నన్ను పిలిచి పని ఇచ్చారు. క్యాసెట్లు మాత్రం ఆయన కళ్ళెదుట కూర్చుని చెయ్యాలన్నారు.

కాబట్టి పాఠక మహాశయులారా, నిండు సభలో ప్రమాణం చేస్తున్నాను: రికార్డు బటన్ నొక్కాక కూర్చున్న చోటునుంచి కదలను. కదలక తప్పకపోతే, మా అమ్మను వెంటబెట్టుకునే కదులుతాను.