పండగ దాటాక చదివిన వాక్యం

మొన్న శుక్రవారం తెల్లవారేసరికి ఖతర్‌లోని అల్ వక్రాలో ఎదురింటి గేటు కూడా కనిపించనంత పొగమంచు దిగింది. ఎండల దేశంలో మంచేమిటని ఊళ్ళో వాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు గానీ, నాలాగా ఇక్కడి ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన వాళ్ళకు తెలుసు, డిసెంబరు వస్తే సముద్రం మీది తేమంతా వచ్చి వీధుల్లో కూర్చుంటుంది. మమ్మల్ని మెసైమీర్‌లోని చర్చికి తీసుకెళ్ళే వ్యాను లైట్లు వేసుకుని మెల్లగా పాకుతోంది. పక్కన కూర్చున్న అమ్మాయి కడప వైపు పిల్ల, వచ్చి మూణ్ణెల్లు కాలేదు, ఆవులించుకుంటూ అడిగింది.

"శుక్రారం పూట చర్చికి పోవడమేంది ఆంటీ? నాకు వారాలన్నీ తికమకైపోతాండాయి."

నవ్వాను. ఆ తికమక ఒకప్పుడు నన్నెక్కడికి తీసుకెళ్ళిందో చెప్పాలంటే అప్పటికే చర్చి దగ్గరపడింది, అందుకని మీకు చెబుతున్నాను.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధనా శుక్రవారమే, ఆదివారం అందరిలాగా డ్యూటీ. మొదట్లో ఆదివారం అంట్లు తోముతుంటే తప్పు చేస్తున్నట్టు ఉండేది గానీ, మూడేళ్ళయ్యేసరికి ఒళ్ళే మారిపోయింది. శుక్రవారమైతే చాలు, అలారం లేకుండా నాలుగింటికి మెలకువ, తలస్నానం, తెల్లచీర.

నాకు చదువు చెప్పింది బడి కాదు, మా మేనత్త. చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లో ఉండిపోయిన ఆవిడ, నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టుకుని, పెద్దక్షరాల గ్రంథంలో వేలు పెట్టి ఒక్కో మాటా చదివించేది. తప్పు చదివితే కొట్టేది కాదు, "దేవుడు నవ్వుకుంటాడే అమ్మడూ, మళ్ళీ చదువు" అనేది. మా ఊరి చర్చిలో క్రిస్మస్ పొద్దున గొల్లలకు దూత కనిపించిన వాక్యం చదివే వంతు ఎన్నో ఏళ్ళు ఆవిడదే. చూపు పూర్తిగా మందగించాక కూడా ఆ వంతు ఇంకొకరికి పోనివ్వక, మా మేనకోడలు దుబాయ్ నుంచి వచ్చి చదువుతుందని చర్చి అయ్యగారికి చెప్పి ఆపించింది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకది దుబాయే. నువ్వు చర్చిలో చదువుతుంటే ఒక్కసారి వినాలి, ఆ తర్వాత దేవుడెప్పుడు పిలిచినా ఫరవాలేదు అని ఫోనులో ప్రతిసారీ అదే మాట.

మూడేళ్ళకు మొదటి సెలవు దొరికింది. మా మేడం మంచి మనిషి, "యల్లా, కానివ్వు, మీ అమ్మలాంటి ఆవిడ అంటున్నావు, వెళ్ళిరా" అని పండగకు అందేలాగే టికెట్టు తీయించింది. ఆ యేడు పండగ బుధవారం, మంగళవారం విమానం ఎక్కితే తెల్లవారకముందే హైదరాబాదు, పదింటికల్లా ఊరు. పొద్దుటి ఆరాధన మా ఊళ్ళో ఆలస్యంగా పదకొండింటికి, అది తప్పినా సాయంత్రం ఇంకో ఆరాధన ఉంటుందని లెక్క వేసుకున్నాను. తీరా చూస్తే దోహాలో మంచుకు విమానం ఆలస్యంగా లేచింది, హైదరాబాదులో మంచుకు దిగలేక చెన్నై వెళ్ళి కూర్చుంది. పక్క సీటాయన కేకు ముక్క పెడితే అదే నా పండగ భోజనం. అక్కడినుంచి హైదరాబాదు, దొరకని బస్సులు, దొరికిన బస్సులో నిలబడి ప్రయాణం, మొత్తానికి గురువారం పొద్దుగూకాక ఇల్లు చేరాను.

మేనత్త నా మొహమంతా చేత్తో తడిమి, "చిక్కిపోయావే" అని, "పోనీలే, ఆదివారం చదువుదువుగాని, అయ్యగారు ఒప్పుకున్నారు" అంది. నేను తెచ్చిన పులిబొమ్మ దుప్పటి ఒళ్ళో పెడితే, తడిమి తడిమి ఎంత మెత్తగా ఉందో అని మురిసిపోయింది. పులి ఉందని నేను చెప్పలేదు.

రెండు రోజులుగా కన్ను మూయని దాన్ని, పడుకున్నదే తెలియదు. నాలుగింటికి మెలకువ వచ్చేసింది. లేచాను, తలస్నానం చేశాను, తెల్లచీర కట్టాను. నిన్న గురువారమన్నదీ తెలుసు, ఆరాధన ఆదివారమన్నదీ తెలుసు, కానీ ఆ రెండూ నా తలలో ఒకదాన్నొకటి కలుసుకోలేదు. తెల్లవారుతుండగా మేనత్తను లేపి ఆరాధనకు వేళయిందన్నాను.

"ఇవాళేనా?" అంది.

"ఇవాళే" అన్నాను.

ఇంకేం అడగకుండా జడ అల్లమంది. తమ్ముడు అప్పటికే చేపల చెరువుకు వెళ్ళాడు. పొయ్యి రాజేస్తున్న మరదలు, క్షేమంగా వచ్చినందుకు ప్రార్థన చేసుకోడానికి వెళుతున్నామనుకుందట. పులిదుప్పటి కప్పి, గ్రంథం చంకన పెట్టుకుని, చెయ్యి పట్టుకుని, తెల్లటి మంచులో రెండు వీధులు నడిపించాను. చర్చికి తాళం. ముందే వచ్చేశామనుకుని మేనత్తను వసారాలో అరుగు మీద కూర్చోబెట్టాను. గంట మోగదు, చెప్పుల చప్పుడు లేదు. ఊరంతా ఏమైందో నాకు అర్థం కాలేదు.

అప్పుడు మంచులోంచి పాలాయన సైకిలు వచ్చింది. నన్ను చూసి ఆగి, మెల్లగా, "ఏంటమ్మా, శుక్రవారం పూట ఇక్కడ కూర్చున్నారు?" అన్నాడు.

అప్పుడా రెండూ నా తలలో కలుసుకున్నాయి. చూపు లేని మనిషిని ఆ చలిలో, తాళం వేసిన తలుపు ముందు కూర్చోబెట్టానా! వెనక్కి తిరిగితే మేనత్త వీపు నిటారుగా పెట్టి, చేతులు కట్టుకుని, వినడానికి సిద్ధంగా కూర్చుని ఉంది. "ఇంక చదవ్వే" అంది. చర్చిలో నిలబడినట్టే నిలబడి, గ్రంథం తెరిచి గొల్లల వాక్యం మొత్తం చదివాను. ఒకచోట తప్పు చదివి, మళ్ళీ చదివాను. పాలాయన మా చర్చి మనిషి కాదు, అయినా సైకిలు దిగి, మంకీ టోపీ తీసి, నేను ముగించేదాకా కదలకుండా నిలబడి, చివర తనే "ఆమెన్" అన్నాడు.

మేనత్త దుప్పటి దగ్గరకు లాక్కుని, "ఈ చలికి జనం పల్చగా వచ్చారేమే అమ్మడూ" అంది.

శనివారం సాయంత్రానికి ఆవిడకు జ్వరం తగిలింది. ఆదివారం లేవలేకపోయింది. సెలవు తీరి నేను తిరిగొచ్చిన రెండు వారాలకు మంచంలోనే కన్నుమూసింది. వదినా, నువ్వు రాకముందునుంచే దగ్గుతోంది, నీ తప్పేం లేదు అని మరదలు ఎన్నోసార్లు చెప్పింది. ఆ చలిలో తీసుకెళ్ళకుండా ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేదేమో, ఆదివారం దాకా ఆగితే ఆ కోరిక తీరకుండానే పోయేదేమో. క్షమించమని అడగాలో, స్తోత్రం చెప్పాలో తెలియక రెండూ ఒకే ప్రార్థనలో పెడుతూ ఇన్నేళ్ళు గడిపేశాను. తాళం సంగతి ఆవిడకు తెలుసో లేదో కూడా ఈనాటికీ నాకు తెలియదు. జనం పల్చగా వచ్చారేమే అన్నప్పుడు పెదవి చివర చిన్న నవ్వు ఉన్నట్టే అనిపించింది, మంచులో సరిగ్గా కనిపించలేదు.

ఇప్పుడలా పొరబడే వీలే లేదు. ఏ దేశంలో ఏ వారమో ఫోను చెబుతుంది, మంచు పడుతుందని ముందురోజే చెబుతుంది, మా ఊరి క్రిస్మస్ ఆరాధన కూడా అందులోనే చూస్తాను. అక్కడ వాక్యం ఇప్పుడు చిన్నపిల్లలు మైకులో గడగడా చదివేస్తున్నారు, దేవుడు వాళ్ళను దీవించును గాక.

మొన్న వ్యాను దిగేసరికి మంచు ఇంకా విడలేదు. నిలబడడానికి చోటు లేనంత జనం. ఆ రోజు వాక్యం చదివే వంతు నాది. గ్రంథం తెరిచి తలెత్తాను, అలవాటు కొద్దీ జనం పల్చగా వచ్చారని ఎవరైనా అంటారేమోనని ఒక్క క్షణం ఆగి, తర్వాత చదవడం మొదలుపెట్టాను.