రంగు గది గడప దగ్గర

మంగళవారం సాయంత్రం. కోపం పూర్తిగా చల్లారకముందే రాస్తున్నాను.

మా మనవరాలు స్రవంతి పటాన్‌చెరులో కార్లకు రంగులు వేసే షెడ్డులో పనిచేస్తుంది. ఈ రోజు మొదటిసారి ఒక కారు మొత్తానికి తనే రంగు వేసింది. అది ఇంట్లో మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకెళ్లి నేను నేరుగా రంగు గది తలుపు తీశాను.

“ఆగు నాయనమ్మా! లోపల అడుగు పెట్టకు. రంగు పచ్చిగున్నది, దారపుపోగు పడితే మళ్ల మొత్తం గీకాలె.”

“పొద్దుగాల ఉతికిన చీరనే! నాకేం మురికున్నదే?”

“ఆవకాయ జాడీ కాడ నువ్వు మమ్ముల గిట్లనే ఆపుతవు గద? తానం జేసొచ్చినా దూరం జరుగుమంటవు!”

డబ్బా ఒళ్లో పెట్టుకుని బయట స్టూలు మీద కూర్చున్నాను. రంగు ఆరాక స్రవంతి లైటు పట్టుకుని కారు చుట్టూ వంగి వంగి చూసింది. నేను గడప ఇవతల నుంచే తొంగి చూశాను.

“ఏం పడలే. ఇగ తిందాం పా.”

ఈ శుభ్రం ఎవరి దగ్గర నేర్చుకుందో నేను చెప్పను. మీ ఇంట్లో జాడీ ఎవరి చేతిలో ఉందో మీరు చెప్పండి.

ఇక జరగవలసినవి:

1. నేను తలుపు కొట్టి బయటే నిలబడాలి.
2. అది చేతుల రంగు పూర్తిగా కడుక్కున్నాకే తినాలి.
3. ఈసారి ఆవకాయ జాడీ మూత స్రవంతి తీయాలి. నేను దూరం జరుగుతాను.