మార్జిన్‌లో పది సమాధులు

1981 మార్చి. అమెరికాలో, షికాగో శివార్లలోని షామ్‌బర్గ్‌కి ఇరవై నిమిషాల దూరంలో, వరసగా గోదాములున్న వీధిలో ఒక చిన్న ప్రెస్సు. అందులో నేను చేరి అప్పటికి ఏడాదిన్నర. మేము కొత్త పుస్తకాలు వేసేవాళ్ళం కాదు. ఇల్లినాయ్ రాష్ట్రం గురించి వందేళ్ళ కిందట అచ్చయి, ఇప్పుడెక్కడా దొరకని చరిత్ర పుస్తకాలను ఉన్నవి ఉన్నట్టుగా మళ్ళీ అచ్చువేయడం మా పని. దేశానికి రెండు వందల ఏళ్ళు నిండిన సంబరం అయ్యాక అమెరికన్లకి తాతముత్తాతల పిచ్చి పట్టుకుంది. మా కౌంటీ పుస్తకం వేయండి, మా కౌంటీది వేయండి అని ఊరూరి లైబ్రరీల నుంచి ఉత్తరాలు. కౌంటీ అంటే మన తాలూకా లాంటిదనుకోండి.

ఆ పాత పుస్తకాలకి మా ప్రెస్సులో వాడుక పేరు మగ్ బుక్స్, అంటే మొహాల పుస్తకాలు. ఆ కాలంలో ముందుగా చందా కట్టిన రైతు మొహం, అతని జీవిత కథ, అతని గుర్రాల కొట్టం బొమ్మ అందులోకి ఎక్కేవి. కట్టనివాడు ఆ కౌంటీలో పుట్టనూ లేదు, చావనూ లేదు. ఈ సంగతి నాకు మొదట్లో నవ్వుగా ఉండేది.

ఓనరు పేరు హెరాల్డ్. అరవై దాటినవాడు, తక్కువ మాటల మనిషి. కెమెరా పనీ ఆయనదే. నన్ను "ప్యాడ్మా" అని పిలిచేవాడు. పద్మావతి అని చెప్పి చెప్పి నేనే విసిగి ఊరుకున్నాను. నేను చేరిన రోజున ఆయన తొంభై ఏళ్ళ నాటి పుస్తకాన్ని పెద్ద కటింగ్ మెషిన్ కింద పెట్టి వీపు కోసేశాడు. పేజీలన్నీ విడివిడిగా ఊడి వచ్చాయి. ఓరి దేవుడా! పుస్తకానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినదాన్ని నేను. "కోయకపోతే పేజీ అద్దం కింద చదునుగా పడుకోదు" అన్నాడాయన, అంతే.

ఒక్కో పేజీకి ఫొటో తీస్తే ఒక నెగటివ్ వస్తుంది. అందులో కాగితం నల్లగా, అక్షరాలు గాజులా తెల్లగా ఉంటాయి. కాగితం మీది ప్రతి మరకా, ప్రతి ధూళి చుక్కా కూడా తెల్లగానే పడుతుంది. దాన్ని లైట్ టేబుల్ మీద, అంటే కింద దీపాలున్న గాజు బల్ల మీద పరిచి, పక్కన అసలు పేజీ పెట్టుకుని, ఎర్రమట్టి లాంటి రంగుని సన్నటి కుంచెతో అద్ది ఆ చుక్కలు మూసేయాలి. దాన్ని ఓపేకింగ్ అంటారు. అది నా పని.

మొదటి రోజే హెరాల్డ్ ఒక్క నియమం చెప్పాడు. "చుక్కలు నీవి, రాతలు నావి. ఎవరి చేతిరాత కనపడినా మూసేముందు నన్ను అడుగు."

మొదట్లో బుద్ధిగా అడిగేదాన్ని. ఎవరో రాసుకున్న కూడికలు, ఎవరో గీసిన ఆవు బొమ్మ, ఎవరి పేరో పదిసార్లు. ఆయన వచ్చి చూసేవాడు, "మూసెయ్" అనేవాడు. ప్రతిసారీ మూసెయ్ అనేదానికి అడగడమెందుకు, పనిమంతురాలిని కదా నేను! ఆరు నెలలయ్యేసరికి అడగడం మానేశాను. దానికితోడు, పుస్తకంలో పెన్నుతో గీత గీస్తే మా చిన్నప్పుడు వీపు విమానం మోత మోగేది. పుస్తకం మీద చేతిరాత కనపడితే నాకు ఒళ్ళు మండేది. ఎవడో పనికిమాలినవాడు రాశాడని తిట్టుకుంటూ మరీ మూసేదాన్ని.

రాష్ట్రానికి దక్షిణాన ఉన్న ఒక కౌంటీ పుస్తకం కిందటి ఏడు శరదృతువులో వేశాం. ఆ ఊరి లైబ్రరీలో రెండు కాపీలుంటే, బాగున్నది ఉంచుకుని, గీతలున్న కాపీ మాకు కోసుకోవడానికి ఇచ్చారు. తిరిగి అక్కర్లేదన్నారు. అచ్చు చూసి హెరాల్డ్ మొదటిసారి నన్ను మెచ్చుకున్నాడు. "ఇంత శుభ్రమైన పుస్తకం మన దగ్గర నుంచి వెళ్ళలేదు, ప్యాడ్మా." ఆ మాట ఇంటికొచ్చి మా ఆయనకి రెండుసార్లు చెప్పాను.

మార్చిలో ఒకరోజు పొద్దున్నే ఒక నల్లజాతి పెద్దావిడ వచ్చింది. డెబ్బై ఏళ్ళుంటాయి. మంచి కోటు, నెత్తిన టోపీ, చంకలో మా పుస్తకం. షికాగో నుంచి రెండు బస్సులు మారి వచ్చానంది. పేరు మిసెస్ కోల్‌మన్, రిటైరైన టీచరు. పుస్తకం తెరిచి, ఒక మ్యాపు ఉన్న పేజీ నా ముందు పెట్టింది.

"ఈ పేజీ ఎవరు చేశారు?"

మెచ్చుకోవడానికి వచ్చిందనుకున్నాను, నా మొహం! "నేనే చేశానండీ" అన్నాను, నవ్వుతూ.

"చాలా శుభ్రంగా చేశారు" అంది. "మా వాళ్ళందరినీ తుడిచేశారు."

నాకు అర్థం కాలేదు. ఆవిడ నిలబడే చెప్పింది. ఆవిడ తాత ఆ కౌంటీలో రైతు. ఆ పుస్తకంలోకి రమ్మని వాళ్ళ కుటుంబాన్ని ఎవరూ పిలవలేదు. పక్క పొలం వాళ్ళ సామాను వేలం వేసినప్పుడు ఆయన ఆ పుస్తకం కొన్నాడు. తమ ఊరి మ్యాపు ఉన్న పేజీలో, మార్జిన్‌లో, తన వాళ్ళెవరెవరిని ఎక్కడ పూడ్చిపెట్టారో సిరాతో రాశాడు. చర్చి పక్కన బావి. బావి నుంచి ఎటువైపు, ఎన్ని అంగలు అన్నది పేరు పక్కన లెక్క. సమాధుల మీద పెట్టినవి చెక్క శిలువలు, ఎప్పుడో పుచ్చిపోయాయి. చర్చి కాలిపోయింది. బావి మాత్రం ఉంది. షికాగో వచ్చేసేటప్పుడు వాళ్ళమ్మ ఆ పుస్తకం లైబ్రరీకి ఇచ్చింది. అద్దె గదుల్లో కంటే అక్కడైతే భద్రమని.

"ఇప్పుడు అక్కడ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఎక్కడున్నాయో చూపిస్తే మర్యాదగా తీసి వేరే చోట పెడతామన్నారు. చూపించలేకపోతే పని ఆపరు. నాకు ఈ నెలాఖరు దాకా టైమిచ్చారు. లైబ్రరీకి వెళ్తే పుస్తకం మీ దగ్గరుందన్నారు."

నా గుండె గుభేలుమంది. హెరాల్డ్ లోపల్నుంచి వచ్చి అంతా విన్నాడు. నా వైపు తిరిగాడు.

"ప్యాడ్మా, నన్ను అడిగావా?"

"లేదు."

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "అసలు పేజీ ఉందా?" అని మిసెస్ కోల్‌మన్ అడిగింది. కోసిన పేజీలు అచ్చు పూర్తవగానే చెత్తలోకి వెళ్ళిపోయాయని ఆయనే చెప్పాడు. ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. నాకు తలకొట్టేసినట్టయింది. నా చేతులు పడిపోనూ, అడిగితే ఏం పోయేది? పది అడుగుల దూరంలో ఉండేవాడు ఆ మనిషి!

అప్పుడు హెరాల్డ్ అన్నాడు. "నెగటివ్ ఉంది. ఆ రంగు నీళ్ళకి కరుగుతుంది."

మళ్ళీ అచ్చు వేయాల్సొస్తుందని నెగటివ్‌లు దాచేవాళ్ళం. ఆ ఒక్కటీ వెతికి తెచ్చి లైట్ టేబుల్ మీద పరిచాడు. తడి దూదితో మెల్లగా రుద్దితే రంగు పోతుంది. గట్టిగా రుద్దితే ఫిల్మ్ మీద పొర కూడా గీసుకుపోతుంది, దాంతో రాతా పోతుంది. హెరాల్డ్ తనే దూది తీసుకోబోయాడు.

"వద్దు" అంది మిసెస్ కోల్‌మన్. "పూసినావిడే తుడుస్తుంది."

తుడిచాను. ఎర్ర రంగు మెల్లగా కరిగి దూదిలోకి వచ్చింది. కింద వెలుగులో సన్నటి గీత, ఆ గీత పక్కన ఇంకో గీత. ఆవిడ నా భుజం మీదుగా వంగి పైకి చదివింది. "హానా. తూర్పుకి పన్నెండు." అని నోటుబుక్కులో రాసుకుంది. "మా నాయనమ్మ" అంది. తర్వాత ఐజాక్. తర్వాత, "పసిబిడ్డ, పేరు పెట్టలేదు, హానా కాళ్ళ దగ్గర."

ఆ మాట చదవగానే నా ఒళ్ళు జలదరించింది. కొత్తగా చదివినందుకు కాదు. ఆ మాట నాకు ముందే తెలుసు! అక్టోబర్లో కుంచె పట్టుకుని ఇదే వాక్యం చదివాను. పసిబిడ్డ అని చదివి, ఆ బిడ్డ మీద రంగు పూసి, పక్క గీతలోకి వెళ్ళిపోయాను. టీ టైమ్ ఎప్పుడవుతుందా అని గోడ గడియారం చూసుకుని ఉంటాను కూడా.

తొమ్మిది పేర్లు వచ్చాయి. ఒక్కటీ చెడలేదు. తొమ్మిదోది రాసుకుని ఆవిడ కలం ఎత్తి పట్టుకుంది. "ఇంకొకటి. కింద చివర్న. నా తమ్ముడు వాల్టర్. మూడేళ్ళవాడు. అప్పటికి తాతయ్య లేడు, అమ్మ రాసింది."

కింద తుడిచాను. ఏమీ లేదు. మార్జిన్ మొత్తం తుడిచాను. పైన, పక్కన, మూలల్లో, అంతటా తుడిచాను. నల్లటి ఫిల్మ్ తప్ప ఏమీ లేదు.

"మీ అమ్మగారు సిరాతోనే రాశారా?" అని హెరాల్డ్ అడిగాడు.

"పెన్సిల్‌తో."

ఆయన కళ్ళజోడు తీసేశాడు. ఈ ఫిల్మ్‌కి నలుపూ తెలుపే తెలుసు, మధ్యలో బూడిద రంగు తెలీదు. లేత పెన్సిల్ గీత కాగితంతో పాటే కలిసిపోతుంది, నెగటివ్ మీదకి రానే రాదు. అదంతా ఆవిడకి నెమ్మదిగా చెప్పాడు. ఆవిడ విని నా వైపు తిరిగింది.

"పని చేసేటప్పుడు అసలు పేజీ మీ పక్కనే ఉంటుందా?"

"ఉంటుందండీ."

"అయితే మీరు మా అమ్మ రాసింది చూశారు."

"చూశాను."

"ఎన్ని అంగలు?"

కళ్ళు మూసుకుని ఆ పేజీ తలుచుకున్నాను. పెన్సిల్ రాత గుర్తొచ్చింది. పక్కకి వాలిన అక్షరాలు, తోక సాగదీసిన డబ్ల్యూ. ఆ రోజు నేననుకున్న మాట కూడా అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. "హమ్మయ్య, ఇది ఫిల్మ్ మీద పడలేదు, ఒకటి తప్పింది." ఇంత గుర్తుంది. అంకె గుర్తులేదు. ఆ మూడేళ్ళ బిడ్డ ఎక్కడున్నాడో ఈ భూమ్మీద ఆఖరున చదివిన మనిషిని నేను, నాకు గుర్తులేదు.

ఆవిడ కలం అలాగే పట్టుకుని ఉంది. ఏదో ఒకటి చెప్పెయ్ అంది నా మనసు. పద్దెనిమిది అను, ఇరవై అను, ఆవిడ కలం కాగితం మీద ఆననీ. దేవుడి దయవల్ల ఆ పని చేయలేదు.

"గుర్తులేదండీ. నన్ను క్షమించండి" అని ఏడ్చేశాను.

ఆవిడ నోటుబుక్కు మూసింది. "చాలామంది ఏదో ఒక అంకె చెప్పేసేవాళ్ళు" అంది. క్షమించానని మాత్రం అనలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన ఇంజనీరు, దేనికైనా సర్దిచెప్పడం అలవాటు. "నీ జాబ్ నువ్వు చేశావు పద్మా. అనవసరంగా గిల్టీ ఫీలవకు. లైబ్రరీ వాళ్ళు చూసుకోవద్దూ?"

"లైబ్రరీ వాళ్ళు చదవలేదండీ. నేను చదివాను."

"చదివితే మాత్రం? వేల పేజీలు చూస్తావు, అన్నీ గుర్తుంటాయా?"

"అన్నీ అక్కర్లేదు. ఒక్క అంకె."

ఆయన టీవీ కట్టేసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

మే నెలలో మిసెస్ కోల్‌మన్ ప్రెస్సుకి ఫోన్ చేసింది. నేనే తీశాను. తొమ్మిది మందీ రాసిన చోటే దొరికారట. పసిబిడ్డ కూడా హానా కాళ్ళ దగ్గరే. వేరే శ్మశానంలో వరసగా పెట్టి రాళ్ళు నాటారట. వాల్టర్ కోసం బావి చుట్టూ రెండు రోజులు తవ్వి, ఇక కుదరదని ఆపేశారట. "మీకు చెప్పాలనిపించింది" అంది. తారు పోశారని కూడా చెప్పింది. రెండోసారి అచ్చులో హెరాల్డ్ ఆ పేజీని తాత చేతిరాతతోనే వేశాడు.

ఆ తర్వాత ఏడేళ్ళు అదే పనిలో ఉన్నాను. చేతిరాత కనపడితే ముందు గట్టిగా పైకి చదివేదాన్ని, ఒక కాగితం మీద దించుకునేదాన్ని, అప్పుడే వెళ్ళి హెరాల్డ్‌ని అడిగేదాన్ని. పెన్సిల్ రాతలు మరీ జాగ్రత్తగా దించేదాన్ని. ఆవు బొమ్మలైనా సరే. పక్కనున్నవాళ్ళు చాదస్తమన్నారు, అననీ. మనకి చెత్తగా కనపడేది ఇంకెవరికో ఆఖరి ఆధారం కావచ్చు. అది నేను నేర్చుకున్న పాఠం. దాని ఖరీదు మాత్రం నేను కట్టలేదు.

ఒక్క మాట చెప్పి ఆపుతాను. ఆ ఫోన్ వచ్చిన కొన్ని నెలలకి, గిన్నెలు తోముతుంటే, ఉన్నట్టుండి ఒక అంకె నా మనసులోకి వచ్చింది. పెన్సిల్‌తో రాసినట్టే, పక్కకి వాలి, స్పష్టంగా. నిజంగా గుర్తొచ్చిందో, గుర్తు రావాలన్న ఆరాటంలో నా బుర్రే కల్పించిందో నాకు తెలీదు. ఎన్నిసార్లు తరచి చూసినా తేలలేదు. ఫోన్ దగ్గరికి వెళ్ళాను, నంబరు సగం తిప్పి పెట్టేశాను. అప్పటికే రోడ్డు మీద కార్లు తిరుగుతున్నాయి. ఆ అంకె ఆవిడకి చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు, ఇక్కడా రాయను.