అద్దం బాలేదని చెప్పాను

ఇవాళ బ్రాడీపేటలో టెలిస్కోపుకి కన్ను పెట్టి చూసే ఐపీసు కొనబోయాను. "మరీ పెద్దగా చూపించేది వద్దండి, మసగ్గా ఉంటది," అన్నాడు షాపతను. ఆ మాటకి నా చెయ్యి ఆగిపోయింది.

కనిగిరిలో నాతో చదివినవాళ్లకి సైన్సు మాస్టారైన మా నాన్న పైపుతో చేసిన టెలిస్కోపు గుర్తుందా? ఒక సాయంత్రం డాబా మీద ఆయన ఐపీసులన్నీ మార్చి మార్చి చూశారు.

"చంద్రుడు మసగ్గా ఉన్నాడేంటమ్మా? నీకూ అంతేనా?"

నాకు చంద్రుడి మీది గుంటలు కూడా తేటగా కనిపించాయి. కానీ కింద తొక్కుడుబిళ్ల ఆట మొదలైపోయింది.

"అంతే నాన్నా, అద్దమే బాలేదు," అనేసి పరిగెత్తాను.

ఆయన నమ్మారు. నెలల తర్వాత కంటి డాక్టరు దగ్గరికి వెళితే, ఆలస్యమైపోయిందన్నారు.

చూపు పూర్తిగా పోయాక కూడా నాన్న, "ఆ అద్దం మార్చావా అమ్మా?" అని అడిగేవారు. అది బాగానే ఉందని ఆయన పోయేదాకా చెప్పలేకపోయాను.