కుళ్లాయప్ప బిగించిన బెల్టు

తాడిపత్రి బండల లారీలవాళ్లలో కుళ్లాయప్పకు ఒక పేరుంది. వేరుశనగ మూడేళ్లు వరసగా ఎండిపోయాక స్టీరింగు పట్టాడు. ఇరవై రెండేళ్లలో ఆయన ట్రైలరు మీద నుంచి ఒక్క రాయి జారలేదు. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఎవరెంత బిగించమన్నా, ఆయన ఇంకొక పట్టు బిగిస్తాడు. రాయి నొచ్చుకోదు కదా.

ఆ పేరు వినే, మిలిటరీ హెలికాప్టర్లు తయారుచేసేవాళ్లు వాటిని మోసే పని ఆయనకిచ్చారు. పోయిన నెల ఎగిరేదాన్ని ఒకదాన్ని చేర్చాడు. ఈసారిదానికి పైన రెక్కల్లేవు, లోపల ఇంజను లేదు. టార్పాలిను కప్పిన వట్టి డొల్ల. అనంతపురం బీళ్ల మధ్య షెడ్డులో దాన్ని ఇనుప చట్రానికి కట్టి విరిగేదాకా లాగుతారట. ఎంత బరువుకు విరుగుతుందో తెలిస్తే, ఎగిరేవాటిని అంతకు చాలా తక్కువలోనే ఉంచుతారు.

డొల్లను ట్రైలరుకు కట్టిన బెల్టు మీద, ఎంతవరకు బిగించాలో చెప్పే ఎర్రగీత ఉంది. అది దాటొద్దని, వెనక జీపులో వచ్చే ఇంజనీరు కృపాకుమారి ముందే చెప్పింది. కణేకల్ పిల్ల, మాట సూటిగా ఉంటుంది. ముదిగుబ్బ దాటాక గాలి లేచింది. టీకి ఆగినచోట కుళ్లాయప్ప చెయ్యి ఊరుకోలేదు. ఒక్క పట్టు. టార్పాలిను కింద టిక్కుమంది.

తడిమి చూస్తే బెల్టు కొక్కెం కింద, డొల్ల రేకుకు గోరంత చీలిక. బెల్టును గుట్టుగా ఎర్రగీత దాకా వదిలి బండెక్కాడు. ఎట్లాగూ విరగ్గొట్టేదే కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. చెబితే ఓనరు మళ్లీ స్టీరింగు ముట్టనివ్వడు. ఈ వయసులో ఇంకెవడు పనిస్తాడు?

షెడ్డులో బెల్టులు విప్పారు. సరుకు బాగానే చేరిందని కాగితం మీద సంతకమైంది. ఇక పోవచ్చు. కానీ కృపాకుమారి ఆ డొల్ల కిందికే దూరి, లాగుడు కొలిచే తీగలు అంటిస్తోంది. కుళ్లాయప్ప ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆ కొక్కెం కింద సూడు. గీత దాటి ఒగ పట్టు బిగించినా. తప్పు నాదే."

ఆమె టార్చి వేసి చాలాసేపు చూసింది.

"ఇది పోతే పోనీలే అన్నా. పోయిన నెల ఎగిరేదాన్ని మోసినావే, దానికి గూడా అట్లే బిగిస్తివా?"

"అట్లే బిగించినా. గాలి మోతలో ఏమీ ఇనపళ్యా."

దాన్ని ఎగరనివ్వొద్దని చెప్పడానికి కృపాకుమారి ఫోను తీసింది. అవతలి మాట విని కుళ్లాయప్ప వైపు తిరిగింది.

"పదిన్నరకే లేచిందంట అన్నా. ఇద్దరుండారు దాంట్లో. రేడియోలో ఎంత పిలిచినా పలకతాలేరంట."