జనపనార కలిపిన స్టూలు

ఉస్మాన్‌గంజ్‌లో మాది ప్లాస్టిక్ సామాన్ల దుకాణం. సరుకేదైనా సరే, సూదిని ఎర్రగా కాల్చి, కనపడని చోట గుచ్చి వాసన చూడాలని మా నాన్న నేర్పాడు. చెత్త కరిగించి పోసినదైతే ముక్కు పట్టుకోవలసిందే.

అమ్మకు తుంటి ఆపరేషన్ అయిన కొత్తలో ఒక కంపెనీ మనిషి స్టూళ్లు తెచ్చాడు. ప్లాస్టిక్‌లో జనపనార పీచు కలిపి పోసినవట. మామూలు వాటికన్నా గట్టివట.

"గోనెసంచి కలిపితే గట్టిగెట్ల అయితదన్నా? ఎవరికి చెప్తున్నవ్?" అన్నాను.

"పీచు లోపల పట్టుకొని ఉంటది సేఠ్. బరువు పడ్డా వంగనియ్యది. మీరే ఎక్కి చూడుండ్రి."

ఎక్కాను. నా తొంభై కిలోలతో గెంతాను కూడా. కిర్రుమనలేదు. దాంతో నాకు అనుమానం ఇంకా పెరిగింది. ఇంత బాగుందంటే ఏదో మతలబు ఉండే ఉంటుంది! అమ్మ స్నానానికి స్టూలు కావాలి. ఆమె మళ్లీ పడితే ఇక నడవదని డాక్టరు తెగేసి చెప్పాడు. అందుకే ఇంటికి తీసుకెళ్లే స్టూలును ఒక్క పోటుతో వదల్లేదు. ఒక కాలికి లోపలివైపు నాలుగైదు చోట్ల గుచ్చాను. కాలిన గోనె వాసన వచ్చింది. పీచు నిజమేనని ఒప్పుకున్నాను.

వానాకాలం దాటాక ఒక పొద్దున అమ్మ స్నానం చేస్తుంటే స్టూలుకు ఆ కాలు ఫటుక్కున విరిగింది. నా భార్య చెయ్యి పట్టుకొని ఉండబట్టి అమ్మ బతికిపోయింది. మోకాలు మాత్రం చెక్కుకుపోయింది. నేను ఫోన్లో కంపెనీ మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, అతను ఆ మధ్యాహ్నమే ఇంటికి వచ్చి, అమ్మ మంచం పక్కనే కూర్చొని విరిగిన స్టూలు కాలు తిప్పి చూశాడు.

"పైపొర మంచిగున్నంత సేపు నీళ్లు పీచును ముట్టయి సేఠ్. గీ పొక్కలకెళ్లి లోపటికి పోయినయి. పీచు ఉబ్బింది, పట్టు ఇడిచింది. మిగిలిన మూడు కాళ్లు చూడుండ్రి, ఎట్లున్నయో. ఎవరు పొడిచిండ్రు దీన్ని?"

"నేనే," అన్నాను.

మర్నాడు సూది తగలని కొత్త స్టూలు తెచ్చాను. అమ్మ కూర్చోలేదు. వంగలేక వంగి, నాలుగు కాళ్లనూ లోపలివైపు వేళ్లతో తడిమింది.

"ఏం చెయ్యలేదమ్మా, ఒట్టు," అన్నాను.

"అట్లనే అంటవ్ బిడ్డా," అని అమ్మ నా భార్య వైపు తిరిగింది. "ముందుగాల నువ్వు కూసొని చూడు పిల్లా."