తడిబట్టల శనివారాలు

ఆంటీ పోయారన్న కబురు మంగళవారం పొద్దున నాకు సిడ్నీలోని టూంగాబీ స్టేషన్‌లో తెలిసింది. ఆఫీసుకు రైలు కోసం నిలబడి ఉంటే పెర్త్ నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "నిద్రలోనే పోయిందక్కా, ఏం బాధ పడలేదు" అని మూడుసార్లు చెప్పింది. నేను మూడుసార్లూ సరే అన్నాను. రైలు వచ్చి వెళ్ళిపోయింది. ఇంకోటి కూడా వచ్చి వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. సిడ్నీకి దక్షిణాన రెండున్నర గంటల దూరంలో, కొండల మీదున్న ఒక చిన్న ఊళ్ళో నలభై ఏళ్ళు డాక్టరుగా చేసి రిటైరయిన గుంటూరు వైపు మనిషి. మా ఆయనకు ఆ ఊరి పాల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల ఉద్యోగం దొరకడంతో వరంగల్ నుంచి తిన్నగా అక్కడే దిగాం. ఆస్ట్రేలియా అంటే ఎండ, సముద్రం అనుకుని పెట్టె సర్దుకున్నదాన్ని నేను. జూన్‌లో దిగితే చలికాలం, ఆ చలికాలమంతా వాన. గట్టిగా కురిసి వెళ్ళిపోయే వానైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఇది రోజంతా గొణుగుతూ ఉండే రకం. కిటికీలోంచి చూస్తే ఎదురుగా కొండ ఉండేది. టీ పెట్టుకుని వచ్చి చూస్తే ఉండేది కాదు.

ఒకరోజు సూపర్‌మార్కెట్‌లో కొత్తిమీర కట్ట పట్టుకుని నిలబడి ఉంటే ఆవిడే పలకరించారు. ఇక్కడ కొత్తగా ఎదురైన తెలుగువాళ్ళు ఏమడుగుతారో మీకు తెలుసు. ఏ ఊరు, ఏ వీసా, ఇల్లు కొన్నారా. ఆవిడ అవేవీ అడగలేదు.

"ఏమ్మా, బట్టలు ఆరుతున్నాయా?" అన్నారు.

నాకు అక్కడే ఏడుపొచ్చినంత పనైంది. పదకొండు రోజులుగా ఏదీ ఆరలేదు.

"లేదాంటీ. ఇల్లంత ముక్కవాసనొస్తుంది."

"శనివారం పట్టుకొచ్చెయ్. భోజనం వేళకి రండి. లోపలి బట్టలు మాత్రం ఎవరింట్లో వాళ్ళే ఆరేసుకోవాలి. రూలు అదొక్కటే."

అలా మొదలైంది. చుట్టుపక్కల గంట దూరంలో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలం ప్రతి శనివారం టబ్బుల్లో, బకెట్లలో తడిబట్టలు పెట్టుకుని ఆవిడ ఇంటికి చేరేవాళ్ళం. పొడవాటి హాలు, ఒక చివర కట్టెల హీటరు, ఈ గోడ నుంచి ఆ గోడకు ఆరు తాళ్ళు. బట్టలు ఆరేదాకా చేసే పనేం ఉండదు కాబట్టి తినేవాళ్ళం, మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడ మిరియాల చారు, బంగాళాదుంపల వేపుడు చేసేవారు. ప్రతివారం అదే. ఎవరైనా మొహం మాడ్చుకుంటే, "ఈ ఊళ్ళో పండేది దుంపలే. నేనేం చేసేది?" అనేవారు.

మధ్యాహ్నం రెండయ్యేసరికి బట్టల్లోంచి ఆవిరి లేచేది. కిటికీ అద్దాలు తెల్లబడేవి. చీరలు, స్కూలు యూనిఫారాలు, దుప్పట్ల మధ్య ఎవరెక్కడ కూర్చున్నారో తెలిసేది కాదు. ఒక చీర వెనకనుంచి నవ్వు వినబడేది. ఒక తువ్వాలు కింద ఎవరివో రెండు కాళ్ళు కనబడేవి. రేకుల కప్పు మీద వాన పడుతూనే ఉండేది. నిద్రా కాదు, మెలకువా కాదు. ఆ హాలు ఏ దేశంలో ఉందో కూడా మర్చిపోయేదాన్ని. ఎదురుగా మొహం ఉంటే నోరు పెగలని మనిషిని నేను. మొహాలు కనబడని ఆ గదిలో మాత్రం మాటలు వాటంతటవే వచ్చేవి.

ఒకసారి దుప్పటికి ఇటువైపు నిలబడి, "ఆంటీ, నాకిక్కడ ఉండబుద్ధయితలేదు" అన్నాను. అప్పటిదాకా మా ఆయనతో కూడా అనని మాట.

దుప్పటి అవతలి నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "నాకూ మొదటి నాలుగేళ్ళు అట్లాగే ఉండేది. ఎప్పుడు పోయిందో చూసుకోలేదు. ఏదీ, ఆ రెండు కొసలూ పట్టుకో, మడతేద్దాం."

మడత మడతకీ ఒకరి దగ్గరకొకరం నడిచాం. చివరికి దుప్పటి చిన్నదై, ఆవిడ వెచ్చటి వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. ఆవిడ మంచి మాటలేమీ చెప్పలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

ఆరాయో లేదో చూడటంలో మాత్రం ఆవిడ పూర్తిగా డాక్టరే. రోగి పొట్ట నొక్కి చూసినట్టు కాలర్లు, కుట్లు అరచేత్తో నొక్కి చూసేవారు. "ఇంకో అరగంట. తొందరపెట్టకు, వాటి టైముకి అవే ఆరతయ్" అనేవారు. ఆ అరగంట ఎప్పుడూ గంటన్నర అయ్యేది. మమ్మల్ని ఇంకాసేపు కూర్చోబెట్టుకోవడానికే అలా అనేవారేమో. అప్పట్లో నాకది తట్టలేదు.

రెండో చలికాలంలో మా ఆయన బట్టలారబెట్టే డ్రయ్యర్ కొన్నాడు. "ఇగ శనివారాలు మనయే" అని సంబరపడ్డాడు. ఇక ఆంటీ దగ్గరికి ఏమని వెళ్ళాలి? పనేం లేకుండా ఒకరింటికి ఎలా వెళ్తాం? శనివారం పొద్దున బీరువాలోంచి ఉతికి ఆరిన బట్టలు తీసి, టబ్బులో వేసి, కుళాయి తిప్పాను.

మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. "ఏం జేస్తున్నవే?"

నేను కుళాయి ఇంకాస్త తిప్పాను. ఆయన నా వంక ఓ నిమిషం చూసి, ఒంటిమీదున్న స్వెటర్ తీసి తనూ టబ్బులో పడేశాడు. ఆయన మీద నాకు అంత ప్రేమ పుట్టిన రోజు ఇంకోటి లేదు.

ఆంటీ ఆ బట్టలు ఒక్కొక్కటే దులిపి తాడు మీద వేస్తూ ఒక చొక్కా దగ్గర ఆగిపోయారు. చేతుల మీద ఇస్త్రీ మడత కత్తిలా నిలబడి ఉంది. హడావుడిలో ఇస్త్రీ చొక్కా తడిపేశాను. ఆవిడ దాన్ని అందరికీ కనబడకుండా చివరి తాడు మీద వేశారు. మేం బయల్దేరేటప్పుడు నా చెవి దగ్గర మెల్లగా, "బట్టలు లేకపోయినా రావచ్చమ్మా" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మరుసటి శనివారం కూడా తడిపే తీసుకెళ్ళాను. ఆవిడా ఏమీ ఎరగనట్టే ఆరేశారు.

మా పాప స్కూలు కోసం రెండేళ్ళ కిందట సిడ్నీ వచ్చేశాం. ఇక్కడ శనివారాలకేం కొదవ లేదు. ఎడ్మండ్‌సన్ పార్కులో ఒకరి పుట్టినరోజు, పెండిల్ హిల్‌లో ఇంకొకరి గృహప్రవేశం. మొన్న జులైలో ఆంటీ ఫోన్ చేశారు.

"ఈ శనివారం వస్తారా? దుప్పట్లు తడిసి కూర్చున్నాయ్. ఒక్కదాన్నే మడతపెట్టలేకపోతున్నా."

"అయ్యో, ఈ వారం బర్త్‌డే ఉన్నది ఆంటీ. మీరు డ్రయ్యర్ తీసుకోరాదు? గంటల ఆరిపోతయి. ఆగండి, నేనే ఆర్డర్ చేస్త."

"నువ్వు చెప్పావుగా, మంచిదేలేమ్మా" అన్నారు.

నిజంగానే ఆర్డర్ చేశాను. ఆవిడకు ఒక ఉపకారం చేశానని ఆ వారమంతా హాయిగా తిరిగాను కూడా.

అంత్యక్రియలకు వెళ్ళినప్పుడు ఆవిడ వరండాలో ఆ డ్రయ్యర్ పెట్టె విప్పకుండా అలాగే ఉంది. హాల్లో ఆరు తాళ్ళూ ఖాళీగా ఉన్నాయి. హీటరు పక్కన ఎండుకట్టెలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. అవి చూశాక గాని నా బుర్రకు ఎక్కలేదు. ఇన్ని కట్టెలు, ఇన్ని తాళ్ళు ఉన్న మనిషికి దుప్పట్లు ఆరకపోవడమేమిటి? రమ్మని అడగడానికి ఆవిడకూ ఒక వంక కావలసి వచ్చింది. లోకంలో ఎవరికి అర్థం కాకపోయినా నాకు అర్థం కావలసిన వంక అది. నేను దానికి మెషీన్ పంపాను.

వచ్చినవాళ్ళంతా టీలు తాగి, ఆవిడ కూతురి చేతులు పట్టుకుని, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కప్పులు కడిగేశాను. మా ఆయన కారు తాళాలు అందుకుంటుంటే "జర ఆగు" అన్నాను. పాప నా కొంగు లాగింది.

"మమ్, ఎవ్రీబడీ లెఫ్ట్. వై ఆర్ వీ స్టిల్ హియర్?"

ఏదో ఒక పని చెబుదామని అలవాటుగా చుట్టూ చూశాను. ఒక్కటీ లేదు.

"ఊరికే" అన్నాను.

మా ఆయన తాళాలు బల్లమీద పెట్టి, బూట్లు విప్పి కూర్చున్నాడు. ఆంటీ కూతురు మాకు ఎదురుగా వచ్చి కూర్చుంది. బయట పక్క పొలం ఆసామి పాలు పితికే వేళకు ఆవుల్ని తోలుకెళ్తున్నాడు. అవి వరసగా ఒకదాని వెనక ఒకటి పొగమంచులోకి నడిచి మాయమవుతున్నాయి. చివరి ఆవు గేటు దగ్గర ఆగిపోయింది. ఆయన దాన్ని అదిలించలేదు. దాని వీపు మీద చెయ్యి వేసి, తనూ అలాగే వానలో నిలబడ్డాడు.